వెలుగును కాదు, మడుగును చూడాలి: వెల్డింగ్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి. వెల్డింగ్ మెషిన్ ఏది కొనాలి, కొన్నాక ఎలా నేర్చుకోవాలి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. ఒకే ప్రశ్న పదిమంది అడిగినచోట ఒకరిదే వేశాం, మిగతావాళ్లు తమకే జవాబు ఇచ్చినట్టు చదువుకోండి.

ప్రశ్న: సార్, మాది జనగామ దగ్గర పల్లె. ఎనిమిది ఎకరాలు, ఒక ట్రాక్టరు ఉన్నాయి. ట్రాలీ డోరు ఊడినా, కల్టివేటర్ విరిగినా పన్నెండు కిలోమీటర్లు మోసుకుపోవాలి, పోతే షాపాయన రేపు రమ్మంటాడు. నేనే మెషిన్ కొనుక్కుందామని చూస్తే ఆన్‌లైన్‌లో 200 ఆంప్స్ మెషిన్ నాలుగు వేలకే కనబడుతోంది. టౌన్‌లో షాపాయనేమో 400 ఆంప్స్ తీసుకోకపోతే దండగ అంటున్నాడు. ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటు. ఏది కొనమంటారు? (రైతు, జనగామ జిల్లా)

జవాబు: మెషిన్ సంగతి తర్వాత, ముందు మీ ఇంటి మీటరు దగ్గరికి వెళ్లి నిలబడండి. అక్కడి నుంచి లోపలికి వచ్చే వైరు ఎంత లావుంది, మీకు శాంక్షన్ అయిన లోడు ఎన్ని కిలోవాట్లు, సాయంత్రం పూట ఓల్టేజి ఎంతకు పడిపోతోంది, ఈ మూడూ తెలిస్తే కొనాల్సిన మెషిన్ దాదాపు తేలిపోయినట్టే. 400 ఆంప్స్ మెషిన్లు మామూలుగా త్రీ ఫేజ్ మీద నడిచేవి. అవి పెద్ద షెడ్లలో రోజంతా లావు రాడ్లు కాల్చేవాళ్లకు. మీ ఇంటికి తెచ్చుకుంటే మూల పడేసుకోవడమే.

మీ పనికి సింగిల్ ఫేజ్ మీద నడిచే 200 ఆంప్స్ ఇన్వర్టర్ ఆర్క్ మెషిన్ సరిపోతుంది. పాతకాలం ఆయిల్ మెషిన్లు ఇద్దరు పట్టి లేపేంత బరువుండేవి, రెండు ఫేజులు కావాల్సి వచ్చేవి. ఈ ఇన్వర్టర్ మెషిన్ని ఒక చేత్తో పట్టుకుని చేనుకు తీసుకుపోవచ్చు, పైగా డీసీ ఇస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు ఆర్క్ (రాడ్డు కొసకీ ఇనుముకీ మధ్య పుట్టే మంట) నిలబెట్టడం తేలిక.

ఒక లెక్క చెప్తాను. 2.5 ఎం.ఎం. రాడ్డుని 80, 90 ఆంప్స్ మీద కాలుస్తున్నప్పుడు మెషిన్ మీ లైను నుంచి సుమారు 15 ఆంప్స్ లాగుతుంది, అంటే మంచి వైరింగ్ ఉన్న 16 ఆంప్స్ సాకెట్‌కి కూడా అదే అంచు. 3.15 రాడ్డు పెట్టి 120కి తిప్పారంటే 20 దాటుతుంది, సాకెట్ పిన్నులు వేడెక్కి నల్లబడటం మొదలవుతుంది. కాబట్టి లోడు పెంచమని దరఖాస్తు పెట్టుకుని, మీటరు బోర్డు నుంచి విడిగా ఒక లైను లాగించండి. 4 చదరపు ఎం.ఎం. రాగి వైరు, 25 ఆంప్స్ ఎంసీబీ, దానితో పాటు షాకు కొడితే లైను కట్ చేసి ప్రాణాలు కాపాడే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ గుంత, ఇవన్నీ తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. మెషిన్‌కి పెట్టిన డబ్బులో కొంత దీనికీ పోతుంది, పోనివ్వండి. బోరు స్టార్టర్ డబ్బాకి వైర్లు తగిలించి వెల్డింగ్ చేసే అలవాటు మన ఊళ్లలో చాలాచోట్ల ఉంది. వ్యవసాయ సర్వీసుని వేరే పనికి వాడటం రూల్ ప్రకారం తప్పు, అది అలా ఉంచితే తడి నేల మీద విడి వైర్లతో ఆ పని చేయడం నాకు తలుచుకుంటేనే భయం.

ఇక ఆ నాలుగు వేల మెషిన్. పెట్టె మీద 200 అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, మెషిన్ వెనక ఉండే రేటింగ్ ప్లేటు చదవండి. అందులో డ్యూటీ సైకిల్ అని ఒక శాతం ఉంటుంది. 200 ఆంప్స్ దగ్గర 60 శాతం అని ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు ఆపాలి అని అర్థం. చవక మెషిన్ల మీద ఆ మాటే ఉండదు, లేదా ఎంతో చిన్న అంకె ఉంటుంది. నేను మొదట కొన్న మెషిన్ అలాంటిదే. నాలుగు రాడ్లు వరసగా కాల్చేసరికి ఎర్త్ కేబుల్ చేతికి వేడిగా తగిలింది, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, అనుమానమొచ్చి చివర గీకి చూస్తే పైన రాగి పూత, లోపల తెల్లటి అల్యూమినియం. అమ్మినవాణ్ణి అడిగితే అన్నీ ఇలాగే వస్తాయన్నాడు. కాబట్టి కేబుల్ చివర గీకి చూసి గానీ డబ్బులు ఇవ్వకండి, అమ్మేవాళ్లు కాదంటే ఆ షాపు వదిలేయండి. రిపేరు వస్తే మీ జిల్లాలోనే బోర్డు బాగుచేసేవాళ్లు ఉన్నారా అని కూడా ముందే అడగండి. వెయ్యి తక్కువకు వచ్చిన మెషిన్ని కొరియర్‌లో తిప్పి పంపుతూ కూర్చుంటే నాట్ల టైము దాటిపోతుంది.

కొన్నాక రెండు జాగ్రత్తలు. ట్రాక్టరు మీదే వెల్డింగ్ చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ తీగలు విప్పేయండి, ఎర్త్ క్లాంపు (ఎర్త్ కేబుల్ చివర ఇనుముని పట్టుకునే పట్టు) అతుకు పెట్టే చోటికి వీలైనంత దగ్గరగా పట్టించండి. ఎక్కడో చక్రం దగ్గర పట్టిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది. రెండోది, కల్టివేటర్ ఫ్రేము మామూలు ఇనుమే గానీ కర్రులు, కమాను పట్టీలు గట్టి ఉక్కు, మామూలు 6013 రాడ్డుతో (ఈ నంబర్ల సంగతి కింది జవాబులో ఉంది) అతికిస్తే మర్నాడు సాలు తిరిగేలోపే పక్కనే పగులుతుంది. వాటికి పొడిగా ఉంచిన 7018 రాడ్డు వాడాలి, అతికేముందు వేడిచేయాలి, అతికాక నీళ్లు పోయకుండా బూడిదలోనో పొడి ఇసుకలోనో పెట్టి నెమ్మదిగా చల్లారనివ్వాలి. కొత్తలో అవి మీరు ముట్టుకోకండి, ట్రాలీ పనులతో మొదలుపెట్టండి.

గడ్డివాము, పత్తి కుప్ప ఉన్న దిక్కున అసలు మెషిన్ ఆన్ చేయకండి. నిప్పురవ్వ పది మీటర్ల దాకా ఎగిరిపడుతుంది, పడ్డాక వెంటనే అంటుకోదు, మీరు అన్నానికి పోయాక అంటుకుంటుంది. పని అయిపోయాక అరగంట అక్కడే ఉండి చూసి రండి.

ప్రశ్న: అన్నా, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. మా బాబాయి షెడ్డులో 200 ఆంప్స్ మెషిన్ ఉంది. ఫోన్‌లో వీడియోలు చూసి రెండు వారాలుగా స్క్వేర్ పైపు ముక్కల మీద ప్రయత్నిస్తున్నా. రాడ్డు అంటుకుపోతుంది, అంటుకోకపోతే పైపుకి బొక్క పడుతుంది. వేసిన వెల్డింగ్ పేడ ముద్దల్లా ఉంటుంది. నాకు చేతి పని రాదేమో అని టెన్షన్ పట్టుకుంది. (నంద్యాల)

జవాబు: తమ్ముడూ, నీ చేతిలో తప్పేం లేదు, పైపులో ఉంది. సన్న స్క్వేర్ పైపు గోడ మందం ఒకటి, ఒకటిన్నర ఎం.ఎం. ఉంటుంది. పదేళ్ల అనుభవం ఉన్నవాడు కూడా దాని మీద ఊపిరి బిగబట్టి చుక్కలు చుక్కలుగా పెట్టుకుంటూ పోతాడు. ఈత నేర్చుకోవడానికి ఎవరైనా వరద కాలువలో దూకుతారా? పాత ఇనుము కొట్టుకి పోయి 5, 6 ఎం.ఎం. మందం ఉన్న ప్లేటు ముక్కలు కిలోల లెక్కన తెచ్చుకో. తుప్పు, రంగు గ్రైండర్‌తో తెల్లగా వచ్చేదాకా గీకు. ఎర్త్ క్లాంపు పట్టే చోట కూడా గీకు. రాడ్డు అంటుకుపోతోందని రాసేవాళ్లలో చాలామందికి అసలు రోగం ఆ తుప్పు మీద పట్టించిన క్లాంపులోనే ఉంటుంది.

రాడ్లు 6013వి తీసుకో. ఆ అంకెలకు అర్థం ఉంది, మొదటి రెండంకెలు అతుకు బలాన్ని చెప్తాయి, చదరపు అంగుళానికి 60 వేల పౌండ్లు. మూడోది 1 అంటే నేల మీదైనా, గోడ మీదైనా, నెత్తి మీదైనా అన్ని వైపులా వాడొచ్చని. చివరి 3 పైపూత రకం. షాపులో మాత్రం నంబరు చెప్పి అడుగుతారు. 12 నంబరు అంటే 2.5 ఎం.ఎం., 10 నంబరు అంటే 3.15, 8 నంబరు అంటే 4. నంబరు తగ్గేకొద్దీ రాడ్డు లావవుతుంది, కొత్తలో అందరూ ఇక్కడ తికమక పడతారు. నువ్వు 12 నంబరుతో 80 ఆంప్స్ దగ్గర మొదలుపెట్టు. అంటుకుంటుంటే 5 పెంచు, మరీ చిమ్ముతూ పక్కల గాడి తీస్తుంటే 5 తగ్గించు. ప్యాకెట్ తెరిచాక రాడ్లు గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టు. చెమ్మ పట్టిన రాడ్డు ఉమ్ముతూ కాలుతుంది, ఆర్క్ నిలబడదు.

ఆర్క్ పుట్టించడానికి రాడ్డు కొసని ప్లేటు మీద అగ్గిపుల్ల గీసినట్టు గీసి వెంటనే కొంచెం లేపాలి. ఎంత లేపాలి అంటే రాడ్డులోని తీగ ఎంత లావుందో అంత, 2.5 రాడ్డుకి రెండున్నర ఎం.ఎం. అంతకు మించితే ఆర్క్ చెదిరిపోతుంది, చప్పుడు కూడా మారుతుంది. సరైన ఎత్తులో ఉంటే సన్న సెగ మీద నూనెలో బజ్జీలు వేగుతున్నట్టు ఒకే తీరుగా వినబడుతుంది, పెరిగితే బుస్సుమంటుంది. ఒకవేళ అంటుకుపోతే గుంజకు, మణికట్టు పక్కకి తిప్పు, ఊడకపోతే హోల్డరు నొక్కి రాడ్డుని వదిలేయి. ఒక రోజంతా ఇదొక్కటే చెయ్యి. విసుగొస్తుంది, రానీ.

ఇప్పుడు అసలు విషయం. నేను నేర్చుకునేటప్పుడు మా మేస్త్రీ ఒక్కో రాడ్డు అయిపోగానే ఒకే ప్రశ్న అడిగేవాడు: ఏం చూశావు? వెలుగు చూశాను అంటే మాట్లాడకుండా ఇంకో రాడ్డు చేతిలో పెట్టేవాడు. అలా ఎన్ని రాడ్లు కాల్చానో లెక్క లేదు. ఒక మధ్యాహ్నం, ఆ తెల్లటి మంట కింద, దాని వెనకే, బొట్టుబిళ్లంత సైజులో నిగనిగలాడుతూ కదులుతున్న ద్రవం కనబడింది. ముందంచు గుండ్రంగా, వెనకంచు సాగి, దాని మీదకి పాలమీగడ కట్టినట్టు స్లాగ్ (రాడ్డు పైపూత కరిగి కట్టే పెంకు) మెల్లగా పాకుతోంది. అదీ మడుగు. కరిగిన ఇనుము. ఆ రోజు ఏం చూశావు అంటే ఇది చూశాను అని చెప్పాను, ఆయన లేచి టీ తాగడానికి వెళ్లిపోయాడు. అప్పటిదాకా నేను రాడ్డుని నడిపించేవాణ్ణి, అప్పటి నుంచి మడుగుని నడిపించడం మొదలైంది.

నువ్వు ఇప్పుడు మంటని చూస్తున్నావు, అందుకే చెయ్యి ఎక్కడికి పోతుందో తెలియడం లేదు. రాడ్డుని నువ్వు వెళ్లే దిక్కుకి పది పదిహేను డిగ్రీలు వాల్చి, మడుగు వెడల్పు చూస్తూ పో. రాడ్డు లావుకి రెండింతలకు కాస్త అటూ ఇటూగా ఉన్నంతసేపు నీ వేగం సరిగ్గా ఉన్నట్టు. వెడల్పైపోతే నువ్వు ఆలస్యం చేస్తున్నావు, దారంలా సన్నబడితే పరిగెడుతున్నావు. స్లాగ్ మడుగుని దాటి ముందుకొచ్చేస్తుంటే కరెంటు తక్కువైందనో రాడ్డు వాలు తప్పిందనో అర్థం, అలాగే లాగించేస్తే ఆ పెంకు అతుకు లోపలే ఉండిపోతుంది. పైకి అందంగానే కనబడుతుంది, లోపల బోలు.

మొదటి వారం ప్లేటు మీద వరసలే వెయ్యి. దుక్కిలో సాలు పక్కన సాలు వేసినట్టు, ఒక వరస మీదకి సగం ఎక్కేలా ఇంకో వరస. ప్రతి వరసకీ స్లాగ్ సుత్తితో కొట్టి, వైర్ బ్రష్‌తో తోమి, కళ్లజోడు పెట్టుకుని చూడు (కొట్టేటప్పుడు ఆ వేడి పెంకులు కళ్లలోకే వస్తాయి). తర్వాత రెండు ముక్కలు తిరగేసిన టీ అక్షరంలా నిలబెట్టి మూలలో వెయ్యి. ఒక పక్కే వేసి, చల్లారాక వైసులో బిగించి పెద్ద సుత్తితో వంచి విరగ్గొట్టు. ఈ విరగ్గొట్టడం ఎవరూ చేయరు, అందులోనే చదువంతా ఉంది. విరిగిన చోట రెండు ప్లేట్లూ చిరిగినట్టు బూడిదరంగులో గరుకుగా ఉంటే అతుకు పట్టింది. ఒక ప్లేటు అంచు కోసినప్పటిలా నున్నగా అలాగే ఉందంటే ఇనుము దాని మీద కూర్చుంది తప్ప అతకలేదు. నల్లటి మచ్చలుంటే స్లాగ్ చిక్కింది, చిన్న చిన్న రంధ్రాలుంటే చెమ్మో తుప్పో రంగో.

ఇది కుదిరాకే స్క్వేర్ పైపు పట్టుకో. 14 నంబరు రాడ్డు, లేదా 12 నంబరునే 55, 60 ఆంప్స్ మీద, హోల్డరు మైనస్‌కి మార్చి, చిన్న చిన్న చుక్కలుగా. గేటు ఫ్రేము చేసేటప్పుడు ముందు నాలుగు మూలలా ట్యాకులు (పట్టు నిలవడానికి పెట్టే చిన్న చుక్కలు) మాత్రమే వేసి, మూల నుంచి మూలకి టేపు పట్టి రెండు క్రాసులూ సమానంగా వచ్చాకే పూర్తిగా వెయ్యి. ఒకే మూల వరసగా వేసుకుంటూ పోతే వేడికి ఫ్రేము గుంజుకుపోతుంది, తర్వాత సుత్తులతో కొట్టినా దారికి రాదు.

రెండు వారాలకే చేతకాదనుకోవద్దు. రెండు నెలలు, రోజుకి గంటన్నర, మందం ప్లేటు మీద. మళ్లీ రాయి, విరగ్గొట్టిన ముక్క ఫొటో కూడా పంపు.

ప్రశ్న: మా ఆయన గేట్లు, గ్రిల్లులు చేసే షాపులో పని చేస్తారు. నెలకు రెండు మూడు సార్లు అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుందని లేచి కూర్చుంటారు, నీళ్లు కారతాయి, లైటు వేయనివ్వరు. ఆలుగడ్డ ముక్కలు పెడతాం. బాలింత పాలు చుక్కలు వేయమని అందరూ చెప్తారు. వేయొచ్చా? (గృహిణి, పెద్దపల్లి)

జవాబు: వేయకండమ్మా. పాలైనా, ఆలుగడ్డ రసమైనా, గాయమైన కంట్లోకి క్రిములు చేరడానికి దారి. మీ ఆయన కంటి నల్లగుడ్డు పైపొర ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలకు కాలింది, ఎండకి చర్మం కమిలినట్టే. వెంటనే తెలియదు, ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతుంది, అందుకే అర్ధరాత్రి లేస్తున్నారు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో ఆ పొర మళ్లీ కట్టుకుంటుంది. ఈలోపు కళ్లు నలపకుండా, మూసిన రెప్పల మీద శుభ్రమైన చల్లటి తడిగుడ్డ పెట్టి చీకటి గదిలో పడుకోనివ్వండి, తెల్లారగానే కంటి డాక్టరుకి చూపించండి. కొందరు మెడికల్ షాపులో నొప్పి తెలియకుండా చేసే చుక్కలు తెచ్చుకుని పదేపదే వేసుకుంటారు. అవి డాక్టరు పరీక్ష కోసం వాడేవి, సొంతంగా వాడితే పుండు మానదు. ఒక్క కంట్లోనే గుచ్చుతున్నట్టుంటే అది ఇనుప రజను కావచ్చు, పొద్దున దాకా ఆగొద్దు, అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అయితే నెలకు మూడుసార్లు అంటే అక్కడ ఏదో సరిగ్గా లేదు. కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని, లేదా కళ్లు మూసుకుని ట్యాకు వేసే అలవాటు షాపుల్లో ఉంది. కూలింగ్ గ్లాసెస్ వెల్డింగ్ ముందు ఎందుకూ పనికిరావు, మూసిన రెప్ప కూడా చాలదు. ఆర్క్ వెల్డింగ్‌కి 10 లేదా 11 షేడు (అద్దం నలుపు ఎంతో చెప్పే అంకె) అద్దం కావాలి. వెయ్యి, రెండు వేల మధ్యలో ఆటో డార్క్ హెల్మెట్లు వస్తున్నాయి, ఆర్క్ రాగానే అద్దం దానంతటదే నల్లబడుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. మాస్కు ఎత్తి దించే అవసరం లేదు కాబట్టి ఒక్క ట్యాకే కదా అని వట్టి కళ్లతో వేయాలనిపించదు. మీ ఆయనది సరిగానే ఉంటే పక్కవాడి ఆర్క్ వెలుగు తగులుతోందేమో కనుక్కోండి. పైపు పట్టుకుని నిలబడే హెల్పర్ కుర్రాళ్లకు ఎక్కువగా జరిగేది ఇదే, మధ్యలో ఒక తెర కడితే తప్పుతుంది. యజమానిని హెల్మెట్ కొనిపెట్టమని అడగడం హక్కు, ఇవ్వకపోతే మీరే కొనండి, వచ్చే నెల చీటీ ఆగినా సరే.

ప్రశ్న: జీఐ పైపులు వెల్డింగ్ చేసిన రోజు సాయంత్రం చలిజ్వరం వస్తోంది, పొద్దునకి తగ్గిపోతోంది. పాలు తాగితే పొగ విషం పోతుందంటారు, నిజమేనా? అలాగే ఖాళీ డీజిల్ డ్రమ్ముని సగానికి కోసి తొట్టి చేసుకోవాలి, కడిగి కోస్తే చాలా? (అనంతపురం)

జవాబు: జీఐ పైపు మీద ఉండే జింకు పూత కాలితే తెల్లటి పొగ వస్తుంది, ఆ జ్వరం దాని వల్లే. పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి, పాలు పోయేవి కడుపులోకి, రెండూ కలిసే చోటు లేదు. అతుకు దగ్గర రెండు వైపులా రెండు అంగుళాలు పూత గ్రైండర్‌తో తీసేయండి, తీసేటప్పుడు కూడా మాస్కు పెట్టుకోండి, ఆరుబయట గాలి మీ పక్క నుంచి వీచేలా కూర్చోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగని క్యాన్సర్ కారకాల మొదటి వరసలో చేర్చింది. ఏ ఇనుమైనా సరే, తల ఆ పొగలో పెట్టకండి.

డ్రమ్ము ముట్టుకోవద్దు. కడిగినా మడతల్లో మిగిలిన డీజిల్ వేడికి ఆవిరై, రవ్వ తగిలితే డ్రమ్ము బాంబులా పేలుతుంది. కోసిన తొట్టి కొనుక్కోండి.

ప్రశ్న: ఆటోనగర్‌లో చిన్న షాపు పెడదామనుకుంటున్నా. ఆర్క్ బాగా వచ్చు. మిగ్ తీసుకోనా, టిగ్ తీసుకోనా? (విజయవాడ)

జవాబు: మీకు వచ్చే పని ఏదో దాన్ని బట్టి. బండ్ల బాడీ బిల్డింగ్, షీటు, స్క్వేర్ పైపు ఎక్కువైతే మిగ్. 0.8 ఎం.ఎం. తీగ దానంతటదే వస్తుంటుంది, రాడ్డు మార్చక్కర్లేదు, స్లాగ్ కొట్టక్కర్లేదు, పని ఆర్క్ కన్నా బాగా వేగం. కాకపోతే సిలిండరు కావాలి, షెడ్డు బయట గాలి వీస్తే రక్షణ గ్యాసు ఎగిరిపోయి అతుకు స్పాంజిలా అవుతుంది. సైటు మీద పనులకు మీ ఆర్క్ మెషిన్ అలాగే ఉంచుకోండి. తేలిగ్గా వచ్చేస్తుంది కదా అని మిగ్‌ని నమ్మేయకండి, పైన నున్నటి వరస పడుతుంది, కింద పట్టకపోవచ్చు. పైన నంద్యాల తమ్ముడికి చెప్పిన విరగ్గొట్టే పరీక్ష దీనికీ చేయాల్సిందే.

స్టీలు రెయిలింగులు, హోటల్ కిచెన్ పనులైతే టిగ్. నేర్చుకోవడానికి టైము పడుతుంది, ఒక చేత్తో ఆర్క్ పుట్టించే టార్చి, ఇంకో చేత్తో అందులో కరిగించే తీగ. స్టీలుకి డీసీ టిగ్ చాలు, అల్యూమినియం కూడా చేస్తామంటేనే ఏసీ ఉన్నది తీసుకోండి, ధరలో తేడా చాలా ఉంటుంది. ఇనుము మీద వాడిన బ్రష్షు, గ్రైండింగ్ వీలు స్టీలు మీద వాడొద్దు, వానాకాలం వచ్చేసరికి రెయిలింగ్ మీద తుప్పు చుక్కలు లేస్తాయి, కస్టమరు మిమ్మల్నే తిడతాడు.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు, ఇంటర్ అయింది. వెల్డింగ్ నేర్చుకుంటానంటే ఇంట్లో నవ్వుతున్నారు. మా ఊరి అన్నయ్యలు గల్ఫ్ కోసం 6జీ టెస్టు అంటుంటారు, అదేమిటో తెలియదు. నాకు విశాఖలో ఫ్యాక్టరీ పని చాలు. ఎక్కడ మొదలుపెట్టాలి? (శ్రీకాకుళం జిల్లా)

జవాబు: ఐటీఐలో మొదలుపెట్టమ్మా. వెల్డర్ ట్రేడు ఒక ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైతే చాలు, ఆడపిల్లలకు ఏ అడ్డూ లేదు. ప్రైవేటుగా నెల రోజుల్లో నేర్పిస్తామనే చోట్ల రోజుకి ఎన్ని రాడ్లు కాల్చనిస్తారో అడుగు, ఆ జవాబుని బట్టి ఆ సంస్థ ఏమిటో తెలిసిపోతుంది. ఐటీఐ సర్టిఫికెట్ ఉంటే తర్వాత అప్రెంటిస్‌షిప్‌కి పెద్ద ఫ్యాక్టరీల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. స్టైపెండ్ ఇస్తూ నేర్పుతారు, ఒక మంచి షాపులో చేరినట్టే. నువ్వు ఉండేదే ఓడలు కట్టే విశాఖకి దగ్గర, అక్కడ 1948లోనే జల ఉష ఓడ నీళ్లలోకి దిగింది, అతుకు పని తెలిసినవాళ్లకు గిరాకీ ఉంది.

6జీ అంటే పైపుని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు, దాన్ని తిప్పకూడదు, వెల్డరే దాని చుట్టూ తిరగాలి. కింద, పక్క, పైన, నెత్తి మీద, అన్ని స్థితులూ ఒకే అతుకులో వచ్చేస్తాయి. తర్వాత ఎక్స్‌రే తీసో ముక్కలు కోసి వంచో చూస్తారు, లోపల సన్న స్లాగ్ గీత ఉన్నా దొరికిపోతుంది. 1జీ అంటే బల్ల మీద పరిచి వేసేది, 2జీ అడ్డంగా, 3జీ నిలువుగా, 4జీ నెత్తి మీద. ఈ మెట్లు ఎక్కకుండా నేరుగా 6జీ నేర్పిస్తామని ఫీజు అడిగేవాళ్ల దగ్గర ఆగకు.

మీ ఊరి అన్నయ్యలకు ఒక మాట చెప్పు. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు చార్జీ ఇప్పటి నిబంధనల ప్రకారం 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. లక్షలు అడిగితే అక్కడే లేచి వచ్చేయమను. ఏజెంటు రిజిస్టర్ అయ్యాడో లేదో కేంద్ర ప్రభుత్వం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

ఇంట్లో నవ్వారని రాశావు. ఇది ఓపిక, చూపు, నిలకడ ఉన్నవాళ్ల పని, బస్తాలు మోసే బలం దీనికి అక్కర్లేదు. ముగ్గు వేసేటప్పుడు చుక్క తప్పకుండా వేళ్ల మధ్య నుంచి పిండి ఒకే తీరుగా జారుతుంది చూడు, చెయ్యికి ఆ నిలకడ ఉంటే సగం పని అయినట్టే. మొదటి రోజు వెళ్లేటప్పుడు చున్నీ ఇంట్లోనే వదిలేయి, మందపాటి కాటన్ చొక్కా పొడుగు చేతులది, జీన్స్ ప్యాంటు మడత పెట్టకుండా (మడతలోకే రవ్వలు పడతాయి), తోలు బూట్లు, జడ ముడివేసి టోపీ లోపల. పాలిస్టర్ బట్ట రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుపోతుంది. తోలు గ్లౌజులు నీ చేతి సైజువి నువ్వే కొనుక్కుని పో, అక్కడ ఉండేవి పెద్దవి, అందులో హోల్డరు పట్టు దొరకదు.